కంచుగొంతు ఆయమ్మ పీకేసిన ప్లాస్టర్లు

ఆపరేషన్లయినవాళ్ల వార్డులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఎదురుగా ఉంటే ఆయమ్మా అనేవారు, వెనక కంచుగొంతు అనేవారు. ఆ చివర మంచం దగ్గర నిలబడి "బకెట్టు తన్నిందెవరు" అని ఆమె అడిగితే, కింద మెట్ల దగ్గర టీ తాగుతున్నవాడు కూడా "నేను కాదు" అని జవాబిచ్చేవాడు. ఆ గొంతు చూసుకుని ఆమెకు గర్వమే తప్ప సిగ్గు లేదు. మెల్లగా మాట్లాడేవాళ్లంటేనే ఆమెకు అనుమానం. చెప్పాల్సిన మాట ఉన్నవాడు గొంతెందుకు దాచుకుంటాడని ఆమె అడిగేది.

మొగుడు చనిపోయిన ఏడాది ఆసుపత్రిలో పనికి చేరింది. చదువు అంతంత మాత్రం. గోడమీద పెద్ద అక్షరాలు కూడబలుక్కుంటుంది, చిన్నవైతే "అవి నాకోసం రాసినవి కావులే" అని వదిలేస్తుంది. ముందు నేల తుడిచింది, తర్వాత బెడ్‌పాన్లు ఎత్తింది, ఆ తర్వాత మనుషుల్ని ఎత్తడం నేర్చుకుంది. కడుపు కోసిన మనిషిని పక్కకు తిప్పేటప్పుడు అతని చెవిలో ఏదో ఒక తిట్టు తిట్టేది. మనిషి ఆ తిట్టుకు నవ్వాలో ఏడవాలో తేల్చుకునేలోపు పక్కకు తిరిగిపోయి ఉండేవాడు. మంచి గుణాలే చెప్పి ఊరుకుంటే అబద్ధమవుతుంది. చిరుగులు లేని దుప్పట్లు పై అంతస్తు నుంచి మెల్లగా తన వార్డుకు చేరవేసేది. నచ్చని రోగికి టీ ఆఖర్న పోసేది. ఒకసారి అలిగిందంటే ఆ అలక తీర్చడానికి డాక్టర్లే దిగిరావాలి.

కొంతకాలానికి వార్డులో మంచానికొక యంత్రం వచ్చింది. రోగి గుండె మీద బిళ్లలు అంటించి, వేలికి క్లిప్పు తగిలిస్తే, ఆ యంత్రం తెరమీద గీతలూ అంకెలూ చూపిస్తుంది. ఏదైనా తేడా వస్తే అరుస్తుంది. అరవడమంటే అలా ఇలా కాదు. బిళ్ల కాస్త ఊడితే అరుపు, క్లిప్పు జారితే అరుపు, రోగి దగ్గితే అరుపు, ముక్కు గోక్కుంటే అరుపు. నిజంగా ప్రాణం మీదికి వచ్చినా అదే అరుపు.

"మా కోడలూ ఇంతే," అనేది కంచుగొంతు. "ఉప్పయిపోయినా ఇల్లంటుకున్నా ఒకటే కేక. ఇక నేను లేవడం మానేశాను."

వార్డులోనూ అందరూ లేవడం మానేశారు. క్లిప్పులు అరిగిపోయి జారుతున్నాయని వార్డు నర్సు సిస్టరమ్మ పైవాళ్లకు చెప్పింది, చూద్దామన్నారు. అరుపు ఎప్పుడు రావాలో ఒక్కొక్క రోగికి తగ్గట్టు సరిచేసే మనిషి వస్తాడన్నారు, రాలేదు. దాంతో వార్డువాళ్లే ఒక ఉపాయం చేసుకున్నారు. యంత్రం వెనక జల్లెడలాంటి చిల్లులుంటాయి, అరుపు బయటికి వచ్చేది అక్కడినుంచే. వాటిమీద చిటికెడు దూది పెట్టి పైన అడ్డంగా ప్లాస్టరు అంటిస్తే, ఆ అరుపు గోడ అవతల పిల్లి మూలిగినట్టు వినిపిస్తుంది. దీన్ని వార్డులో నోరు కట్టడం అనేవారు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. కొత్త సిస్టరు చేరితే మందుల బీరువా ఎక్కడుందో చెప్పినట్టే ఇదీ చెప్పేవారు. "కిటికీ పక్క మంచానికి నోరు కట్టు ఆయమ్మా" అంటే చాలు, జేబులోంచి కత్తెర తీసేది కంచుగొంతు. పెద్ద డాక్టరు రౌండ్లకు వచ్చినప్పుడు వెంట ఉన్న కుర్ర డాక్టర్లకు ఈ వార్డునే చూపించేవాడు.

"ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి. రోగికి కావాల్సింది ఇదీ."

ఆ మాటకు సిస్టరమ్మ తల వంచుకునేది. కంచుగొంతు మాత్రం తనను మెచ్చుకున్నట్టే నిలబడేది.

అలా ఉండగా గోడలకు రంగులు వేసే ఒకాయనకు పేగు ఆపరేషనయింది. అతని భార్య బట్టలు కుడుతుంది. ఊరికే కూర్చోవడం చేతకాని పిల్ల. మంచం పక్కన బల్లమీద కూర్చుని ఎవరివో అంచులు కుడుతూనే ఉండేది. రంగులాయనకు నొప్పి ఆగేది కాదు. కునుకు పడుతుందనగానే వేలి క్లిప్పు జారేది, యంత్రం అరిచేది, అతను ఉలిక్కిపడి కుట్లు పట్టుకుని మూలిగేవాడు.

"అక్కా, దీన్ని కాస్త ఆపలేవా," అని కంచుగొంతును అడిగింది భార్య. "ఆయన కన్ను మూసి ఎన్నాళ్లయిందో."

సిస్టరమ్మ అవతల మంచానికి సెలైను మారుస్తూ, వెనక్కి తిరక్కుండానే "నోరు కట్టెయ్ ఆయమ్మా" అంది. కంచుగొంతు ప్లాస్టరు చుట్ట తీసి ఆ పిల్ల చేతికిచ్చింది. "పట్టుకో, బాగా లాగి పట్టుకో, నీ కుట్టుబట్ట కాదిది." ఆ పిల్ల పట్టుకుంది, ఈమె కత్తిరించింది, ఈమే అంటించింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నొప్పికి ఇంజెక్షను పడింది. రంగులాయన నిద్రపోయాడు. భార్య అతని ముఖం చూసి తృప్తిగా సూదిలో దారం ఎక్కించుకుంది.

ఆ ఇంజెక్షను కొందరికి నిద్రతోపాటు ఊపిరినీ తగ్గించేస్తుంది. తెరమీద అంకెలు దిగిపోయాయి, ఎర్రదీపం కొట్టుకుంది, యంత్రం అరిచింది. దూది వెనక అరిచింది. దారం తెంపడానికి తలెత్తిన భార్యకు మొగుడి పెదాలు నీలంగా కనిపించాయి. ఆ పిల్ల కేక కంచుగొంతు కేకను మించిపోయింది. సిస్టరమ్మ పరుగెత్తుకొచ్చి ముఖానికి రబ్బరు బుడగ బిగించి గాలి కొట్టింది, డాక్టర్లు వచ్చారు, మంచంతో సహా తోసుకుంటూ ఐసీయూకు తీసుకుపోయారు. ప్రాణం నిలిచింది. మనిషి మాత్రం ఇంకా కళ్లు తెరవలేదు. తెరిచినా ముందున్న మనిషిలా ఉంటాడో లేడో చెప్పలేమన్నారు.

ఆసుపత్రిలో ప్రమాదాల కమిటీ అని ఒకటుందని కంచుగొంతుకు అప్పుడే తెలిసింది. చల్లటి గది, పొడుగాటి బల్ల, గోడమీద ఆమె చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో "రోగి భద్రతే మా ఊపిరి" అని బోర్డు. బల్లకు ఆవల పెద్ద డాక్టరు, ఆయన పక్కన ఆసుపత్రి వ్యవహారాలన్నీ చూసే ఆఫీసరు, ఓ పక్కగా సిస్టరమ్మ ఉన్నారు.

"కూర్చో ఆయమ్మా," అన్నాడు ఆఫీసరు.

ఇన్నేళ్లలో ఆమెను కూర్చోమన్నవాళ్లు లేరు. కుర్చీ చూపించారంటేనే ఏదో ఉందనుకుంది. కూర్చోలేదు.

"నీమీద ఎవరికీ కోపం లేదు. అడిగినదానికి అవును, కాదు అని చెప్తే చాలు. పేషెంటు భార్యకి ఆ మోత పడలేదు, అవునా?"

"ఎవరికి పడుతుంది సార్."

"ఆపమని నిన్ను అడిగింది."

"అడిగింది."

"ప్లాస్టరు ఆమె చేతిలో ఉంది."

"చుట్ట పట్టుకుంది. నేనే పట్టుకోమన్నాను."

"అంటే ప్లాస్టరు వెయ్యడంలో ఆమె చెయ్యి ఉందన్నమాట." ఆఫీసరు పెద్ద డాక్టరు వైపు తిరిగాడు. "చుట్టాలు యంత్రాల మీద చేతులు వేస్తుంటారు సార్. మనవాళ్లు ఎన్నిసార్లు చెప్పినా వినరు."

కంచుగొంతు కుడిచెయ్యి ఎత్తి ఆయన ముఖం ముందు పెట్టింది. ఎన్నాళ్లనుంచో ఫినాయిలులో నానిన చెయ్యి. "అంటించిన చెయ్యి ఇదీ. ఆ పిల్లది కాదు. అన్ని మంచాలకీ అంటించింది ఇదే. ఇన్నాళ్లూ బాగుంది, ప్రశాంతంగా ఉందని మెచ్చుకున్నది కూడా దీన్నే."

పెద్ద డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆఫీసరు గొంతు ఇంకా మెత్తబడింది.

"నీకు అర్థం కావట్లేదు. నువ్వు అంటించానంటే నీ ఉద్యోగం పోతుంది. ఆమె అంటించిందంటే ఎవరిదీ పోదు. ఆమె మన ఉద్యోగి కాదు కదా."

"ఆమెకి పోయేది నా ఉద్యోగం కంటే పెద్దది సార్. రేపు ఆయనకి ఏదైనా అయితే, మొగుణ్ణి నేనే చంపుకున్నానని బతికినంత కాలం అనుకుంటుంది. మీకు అది లెక్కలోకి రాదా?"

"ఇంటికెళ్లి ఆలోచించుకో. రేపు రౌండ్లయ్యాక వచ్చి చెప్పు," అన్నాడు ఆఫీసరు. సిస్టరమ్మ మొదటినుంచీ గోళ్లు చూసుకుంటూనే ఉంది.

వరండాలోకి వచ్చాక సిస్టరమ్మ వెనకాలే వచ్చి మోచెయ్యి పట్టుకుంది. "వెయ్యమన్నది నేనే, నాకు తెలుసు ఆయమ్మా. కానీ నాకు ఇద్దరు పిల్లలు."

"ఆ పిల్లలు లోపల కూర్చున్నప్పుడు లేరా, గడప దాటాక పుట్టారా?" అంది కంచుగొంతు. "గదిలో చెప్పాల్సింది వరండాలో చెప్తున్నావు. వరండాకి ఏం తెలుసు పాపం." మోచెయ్యి విడిపించుకుని వెళ్లిపోయింది.

ఐసీయూ తలుపు పక్కన నేలమీద రంగులాయన భార్య, ఆ కుట్టుపిల్ల, కూర్చుని ఉంది. చేతిలో కుట్టు లేదు. ఒళ్లో ఆ రెండు చేతులూ ఎవరో వదిలేసి వెళ్లిన సామానులా పడి ఉన్నాయి.

"తిన్నావా?" అంది కంచుగొంతు.

"నేనే కదా అక్కా అడిగింది, ఆపమని."

"ఎవరన్నారు?"

"ఆఫీసులో సారు పిలిచారు. మంచి మనిషి. బాధపడకమ్మా, తెలియక చేశావు, మేం నీమీద కేసూ గీసూ పెట్టం అన్నారు. కాళ్లు పట్టుకున్నాను అక్కా ఆయనవి."

కంచుగొంతుకు ఒళ్లు మండిపోయింది. నిందవేయడం ఒక ఎత్తు. నింద వేసి, దాన్ని తామే క్షమించి, ఆ క్షమకు కాళ్లు పట్టించుకోవడం ఇంకో ఎత్తు. ఏదో అనబోయి, ఈ పిల్లకు ఇప్పుడు తన మాట ఎక్కదని గ్రహించింది. కోటు వేసుకున్నవాడు చెప్పినదాన్ని కొట్టేయాలంటే, కోటు వేసుకున్నవాడే వచ్చి చెప్పాలి. ఆయా చెబితే ఓదార్పు అనుకుంటారు. "లే, మొహం కడుక్కుని ఏదైనా తిను. నీకు ఇంకా చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు," అని మాత్రం అంది.

ఇంట్లో కోడలు బట్టలు మడతపెడుతూ అంతా విన్నది. విన్నాక ఒక చొక్కాను రెండోసారి మడతపెట్టింది.

"అత్తా, అవునని తలాడిస్తే అరిగిపోయేదేముంది? మీ అబ్బాయి లారీ ఒకరోజు కదిలితే నాలుగు రోజులు ఆగుతుంది. నిలకడగా వచ్చేది నీ జీతమే."

"తెలుసు."

"ఆమె ఎవరు నీకు? చుట్టమా పక్కమా?"

"ఎవరూ కాదు. నువ్వెవరు నాకు, మావాడు నిన్ను తీసుకురాకముందు?"

"అదిగో, మాట దొరికితే చాలు. పోనీ నువ్వేమన్నా తప్పు చెయ్యలేదా? అంటించింది నువ్వే కదా."

"అందుకే చెప్తున్నాను. నేను అంటించినదాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దితే, రేపు ఏ మొహంతో మంచం పక్కన నిలబడను? ఆ యంత్రాలకి ఇప్పటికీ అన్నిటికీ ప్లాస్టర్లు అలాగే ఉన్నాయే. ఒక్కటీ తియ్యలేదు వాళ్లు. ఆమెదే తప్పని తేలితే ఇక తియ్యనూ తియ్యరు. ఇంకో మనిషి దాని వెనక నీలంగా మారిపోతాడు."

కోడలు చొక్కా పక్కన పెట్టింది. అత్త ముఖంలోకి చూసింది. ఆ ముఖంతో వాదించడం కంటే లారీ తోయడం తేలికని ఆమెకు అనుభవం.

"సరే, తిను ముందు. రేపు గొంతు లేవాలిగా."

మర్నాడు కంచుగొంతు రోజూకంటే ముందే వార్డుకు వెళ్లింది. తలుపు పక్క మంచంతో మొదలుపెట్టింది. యంత్రాన్ని తన వైపు తిప్పుకుని, గోరుతో అంచు లేపి, ప్లాస్టరు ఒక్క గుంజు గుంజింది. దూది ఊడి కిందపడింది. తర్వాత మంచం, ఆ తర్వాతది. కొన్ని ప్లాస్టర్లు ఎన్నేళ్లవో, జిగురు ఎండి నల్లబడి గీకితే తప్ప రాలేదు. వాటిని తానే అంటించిందని గుర్తుచేసుకుంటూ, తనను తాను తిట్టుకుంటూ గీకింది.

రోగులు లేచి ముఖాలు కడుక్కునేసరికి వార్డు వార్డంతా మోగిపోయింది. ఒకడు దగ్గితే రెండు అరిచాయి. ఒకాయన పేపరు తిప్పితే ఆయనది అరిచింది. మోకాలికి కట్టుకట్టిన ముసలాయన చెవులు మూసుకుని, "ఏం ఆయమ్మా, మామీద పగబట్టావా?" అన్నాడు.

"పగబట్టినవాళ్లయితే నోరు కట్టిపోతారు తాతా. ఓర్చుకో. ఇవాళ నీ గురక కూడా ఎవరికీ వినపడదు, సంతోషించు."

సిస్టరమ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. ప్లాస్టరు చుట్ట కోసం మాత్రం చెయ్యి చాచలేదు.

రౌండ్లకు పెద్ద డాక్టరు వచ్చాడు, వెనక ఆఫీసరు. మోత విని ఆఫీసరు ముఖం ఎర్రబడింది.

"ఏమిటీ గోల?"

"మీ యంత్రాలే సార్," అంది కంచుగొంతు. ఆ గోల మీద వినిపించగల గొంతు ఆ భవనంలో అదొక్కటే. "రోజూ ఇలాగే అరుస్తున్నాయి. మీ దాకా రాలేదంతే."

"ఎవరు తియ్యమన్నారు? పెట్టు, మళ్లీ పెట్టు అన్నీ."

కంచుగొంతు జేబులోంచి చుట్ట తీసింది, కత్తెర తీసింది. రెండూ ఆయన ముందు చాచింది. "మీరు పెట్టండి. దూది ట్రేలో ఉంది. మీ చేత్తో అంటించండి, రేపు ఎవరైనా అడిగితే నేనే అంటించానని చెప్పండి. అప్పుడు నేను మీ గదికొచ్చి మీరేది చెప్పమంటే అది చెప్తాను."

ఆఫీసరు ఆ కత్తెర వైపు చూశాడు, తీసుకోలేదు. కుర్ర డాక్టర్లు గోడకు అతుక్కున్నారు. యంత్రాలు అరుస్తూనే ఉన్నాయి.

"వీటిలో నిజంగా ఆపదని అరుస్తున్నది ఏదో నాకు తెలియదు సార్," అందామె, ఈసారి పెద్ద డాక్టరు వైపు తిరిగి. "సిస్టరమ్మకీ తెలియదు. అన్నిటిదీ ఒకటే గొంతు. అందుకే కట్టేశాం. మమ్మల్ని కొట్టండి, తిట్టండి, పంపించెయ్యండి. కానీ బట్టలు కుట్టుకునే పిల్ల వచ్చి కట్టిందని మాత్రం అనకండి."

పెద్ద డాక్టరు కదిలాడు. మంచం నుంచి మంచానికి వెళ్లి ఒక్కో క్లిప్పూ ఒత్తి చూశాడు. ఒత్తితే ఆగేది, వదిలితే అరిచేది. చివరి మంచం దాకా వెళ్లేసరికి ఆయన ముఖం వాడిపోయింది. అప్పుడే సిస్టరమ్మ నోరు విప్పింది. ఆమెది మొదటినుంచీ పెదవి దాటని గొంతు. మొదటిసారి చెప్పింది ఎవరికీ వినిపించలేదు. రెండోసారీ వినిపించలేదు. మూడోసారి అరవాల్సి వచ్చింది.

"వెయ్యమన్నది నేను సార్. ఆయమ్మ కాదు, ఆ అమ్మాయి కాదు. క్లిప్పులు మార్చమని చెప్పి చెప్పి, ఇక వెయ్యమన్నాను."

వార్డంతా విన్నది. తాత చెవుల మీంచి చేతులు తీసేశాడు.

అదే పూట యంత్రాలవాడు ఊడిపడ్డాడు. ఇన్నాళ్లూ దొరకని మనిషి ఒక్క ఫోనుకే దొరికాడు. అరిగిన క్లిప్పులు తీసి కొత్తవి వేశాడు, ఏ రోగికి ఏ అంకె దగ్గర అరవాలో డాక్టర్లు చెబుతుంటే సరిచేశాడు. సాయంత్రానికి వార్డు మళ్లీ నిమ్మళించింది. ఒకసారి అరిస్తే ఇద్దరు పరుగెత్తారు. పరుగెత్తడం కొత్త కాబట్టి ఒకరినొకరు గుద్దుకున్నారు కూడా.

కానీ కంచుగొంతు పని అయిపోలేదు. యంత్రాల సంగతి తేలింది, మనిషి సంగతి తేలలేదు. పెద్ద డాక్టరు గది బయట గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇంకా ఏం కావాలి నీకు?" అన్నాడాయన విసుగ్గా, అలసిపోయి.

"ఆ పిల్లకి మీరు చెప్పాలి. మీ నోటితో. నేను చెబితే నమ్మదు."

ఆయన కాదనలేదు. ఆఫీసరు "వద్దు సార్, ముందు లాయరుతో ఒక మాట" అన్నాడు. పెద్ద డాక్టరు వినిపించుకోకుండా నడిచాడు. ఐసీయూ తలుపు దగ్గర కుట్టుపిల్ల ఆయన్ని చూసి కంగారుగా లేచింది, ఏ కబురు తెచ్చాడోనని.

"నీ భర్త అలాగే ఉన్నాడమ్మా, భయపడకు. ఇంకో మాట చెప్పడానికి వచ్చాను." ఆయన ఒకసారి ఆఫీసరు వైపు చూశాడు. "జరిగినదాంట్లో మా వైపు నుంచి కూడా లోపం ఉంది."

కుట్టుపిల్ల తల ఊపింది. ఆ తల ఊపడంలో ఏ మార్పూ లేదు. వాళ్ల వైపు కూడా అంటే, తన వైపు ఉన్నట్టే కదా.

"ఆ 'కూడా' తీసేసి చెప్పండి సార్," అంది కంచుగొంతు వెనకనుంచి.

ఆఫీసరు ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆమె ఒక్క చూపు చూసింది, చెయ్యి తనంతట తానే వెనక్కి పోయింది.

పెద్ద డాక్టరు కోసిన కడుపులకు లెక్కలేదు, ఈ ఒక్క మాట కొయ్యడానికి చెయ్యి ఆడలేదు. ఆఖరికి కోశాడు.

"లోపం మాదమ్మా. నువ్వు అడిగింది ఎవరైనా అడిగేదే. ఆయన నిద్రపోవాలని అడిగావు. ఆ యంత్రం నోరు కట్టకుండానే ఆయన్ని నిద్రపోనివ్వాల్సింది మేము. నువ్వు చూసి కేక వేశావు కాబట్టే ఆయన ఇంకా ఉన్నాడు."

కుట్టుపిల్ల ఏడవలేదు. ఆయన ముఖంలోకి సూటిగా చూసి, "మరి నాచేత కాళ్లెందుకు పట్టించారు?" అని అడిగింది.

ఆఫీసరు తన కాళ్లు ఒక అడుగు వెనక్కి తీసుకున్నాడు. కంచుగొంతు మాత్రం, ఈ పిల్లకు ఇక తన అవసరం లేదని, గొంతు దానికే వచ్చిందని అనుకుంది.

ఆమెను ఉద్యోగంలోంచి తీసేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది, వార్డంతా సాక్ష్యం కదా. అలాగని ఉంచుకునే మనసూ లేదు. ఆమె గొంతు ఎవరికీ వినపడని చోటు వెతికి, కింద లాండ్రీకి మార్చారు. అక్కడ ఉతికే మిషన్ల రొదలో పక్కవాడు ఏమంటున్నాడో పక్కవాడికే తెలియదు. రంగులాయన కళ్లు తెరిచాడని, భార్యను గుర్తుపట్టాడని, చెయ్యి మాత్రం ఇంకా వణుకుతోందని సిస్టరమ్మ కిందికి దిగివచ్చి మరీ చెప్పి వెళ్లింది.

లాండ్రీలో మొదటిరోజు దుప్పట్ల మూటలు మోస్తూ కంచుగొంతు అన్ని మిషన్లూ చూసింది. మూలనున్న పెద్ద మిషనుకు మూత గొళ్లెం విరిగిపోయి ఉంది. ఒక పాత తాడుతో దాన్ని బిగించి కట్టారు. లోపల డ్రమ్ము గిరగిరా తిరుగుతోంది. పక్కనే ఒక ఉద్యోగిని, వేళ్లు ఆ మూతకు ఆనించి, నింపాదిగా ముచ్చట చెబుతోంది.

కంచుగొంతు మూట కిందపడేసి, రొదమీద గొంతు లేపింది.

"ఈ తాడు కట్టిందెవరు?"

మిషన్ల మధ్యనుంచి తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.